ఎర్రమట్టి దిబ్బల నీడ ఇంకా కుదరలేదు

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద మొదలుపెట్టిన అమూర్త చిత్రంలో ఆకాశమూ సముద్రమూ కుదిరాయి. దిబ్బల నడుమ లోతుగా కోసుకుపోయిన గండ్లలోని నీడ మాత్రం లొంగడం లేదు.

సాయంత్రం పడమటి ఎండ గండిలో ఒక గోడను తాకి, ఎదుటి గోడ మీదికి మళ్లుతుంది. ఇసుక రేణువులకు పట్టిన ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పులాంటి ఇనుప పదార్థం, నీలాన్నీ ఆకుపచ్చనూ పీల్చుకుని ఎరుపును వదులుతుంది కనుక, వెలుగు గోడ నుంచి గోడకు తగిలినకొద్దీ ఎరుపు చిక్కబడుతుంది. అందుకే అక్కడి నీడ నల్లబడదు, నివురు కింది నిప్పులా లోపలి నుంచి వెలుగుతుంది.

24×30 అంగుళాల కాన్వాస్ మీద తొలుత ట్రాన్స్‌పరెంట్ రెడ్ ఐరన్ ఆక్సైడ్ అనే పారదర్శక ఎరుపు నాలుగు పాళ్లకు అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం ఒక పాలు కలిపి వేశాను. నేను వాడే యాక్రిలిక్ రంగు ఆరాక కొంత ముదురుతుందన్నది తెలిసినదే. ఇక్కడ ముదరడంతో ఆగక, ఎరుపే చచ్చి బురద రంగు మిగిలింది. టైటానియం వైట్ చేరిస్తే పాలిపోయిన గులాబీ వచ్చింది. తరువాత కాన్వాస్ మీది తెల్లని అడుగు పూతపై, రంగు ఒక పాలుకు దాన్ని పలచన చేసే గ్లేజింగ్ లిక్విడ్ ఎనిమిది పాళ్లు కలిపి పలచని పారదర్శక పొర (గ్లేజ్) వేస్తే మెరుపైతే వచ్చింది కానీ, పలచబడిన ఐరన్ ఆక్సైడ్ నారింజ వైపు జరిగిపోయింది. పైగా విశాఖ వానాకాలపు తేమలో ఆ పొర రాత్రి గడిచినా జిగురుగానే ఉండి, రెండో పొర వేస్తుంటే కుంచెతోపాటు లేచి, అర అంగుళం వెడల్పున తెల్ల మచ్చలు వదిలింది.

నీలాన్ని నీడంతటా కలపడమే ఎరుపును చంపుతోందని నా ఊహ. ఆకాశపు నీలం ఎక్కువగా పడేది పైకి తిరిగిన అంచుల మీద. ఇరుకు గండిలోని నిటారు గోడలకు అందేది తక్కువ.

అక్కడి మట్టినే నూరి వాడమని మిత్రులు అంటారు. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు నుంచి పిడికెడు మట్టి తేవడం కూడా నాకు సమ్మతం కాదు. ట్యూబులోని ఎరుపూ ఐరన్ ఆక్సైడే. కింది పూతలకు క్యామెల్ కంపెనీ ఆర్టిస్ట్ రకం చాలు, పై పొరలకు మాత్రం ఖరీదైనా గోల్డెన్ కంపెనీ రంగులే కావాలి. పూరకాలు దట్టించిన చవక రంగులు గ్లేజ్‌కు పనికిరావు.

ఈసారి 6×8 అంగుళాల ముక్కల మీద క్వినాక్రిడోన్ రెడ్ అనే గాఢమైన ఎరుపును అడుగు పూతగా వేసి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనిచ్చి, దానిపై ఐరన్ ఆక్సైడ్‌ను పలచన చేసే మీడియం పన్నెండు పాళ్లతో పరుస్తాను. అల్ట్రామెరైన్ ఆ పైకి తిరిగిన అంచులను చూపే, అడ్డంగా సాగే సన్నని పట్టీలకే పరిమితం. అది కుదిరితే, ఎండ సముద్రం వైపు నుంచి వచ్చి వెలిగే గోడలు తారుమారయ్యే ఉదయపు వేళను జంట చిత్రంగా వేయాలని ఉంది.