తిరువయ్యారుకు రానన్న అబ్బాయి

"నువ్వు అక్కడికి పాట వినడానికి వెళ్లడం లేదు నాన్నా, ఆ పాట మనదని చెప్పుకోవడానికి వెళ్తున్నావు." పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనకు తిరువయ్యారు వెళ్దాం రమ్మంటే మా అబ్బాయి అన్న మాట ఇది. ప్లస్‌టూ చదువుతున్నాడు. పుట్టిందీ పెరిగిందీ చెన్నై మైలాపూరులోనే.

దశాబ్దాలుగా మానసిక వైద్యుణ్ణి. ఎదుటివాళ్లు ఏమన్నా అడ్డు చెప్పకుండా వినడం నా వృత్తి. ఈ మాటను మాత్రం విని ఊరుకోలేకపోయాను.

నేను వైద్యం చదవడానికి నెల్లూరు నుంచి ఈ ఊరు వచ్చాను. మా నాన్నగారి తరానికి మదరాసు చేజారిన సొంతిల్లు. ఇదే మైలాపూరులో, బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. మరుసటి ఏడాది ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మదరాసు రాలేదు. ఆ బాధను ఇంట్లో వింటూ పెరిగాను. అందుకే కావేరి ఒడ్డున వందలమంది ఒక్క గొంతుతో త్యాగయ్యగారి పంచరత్న కృతులు పాడుతుంటే, ఆ అయిదింటిలో నాలుగు తెలుగువేనని నా ఒళ్లు పులకరిస్తుంది.

అబ్బాయి దానికీ జవాబు చెప్పాడు. త్యాగయ్యగారి సమాధికి సొంత డబ్బుతో మందిరం కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. మైసూరు సీమలో పుట్టిన దేవదాసి. ఆ సన్నిధిలో ఆడవాళ్లు పాడే హక్కు కోసం పోరాడిందీ ఆవిడే. ఇప్పుడు అక్కడ పాడేవాళ్లలో ఎంతోమంది ఆ సాహిత్యాన్ని తమిళ లిపిలో రాసుకుని నేర్చుకున్నవాళ్లు. "ఇన్నాళ్లూ మోసింది వాళ్లు, మనదంటున్నది నువ్వు" అన్నాడు.

ఇందులో ఒక్క ముక్కనూ కాదనలేను. అయినా నా మనసు ఒప్పుకోలేదు.

కిల్పాక్ మానసిక వైద్యశాల చరిత్ర 1794 నుంచి మొదలవుతుంది. అక్కడ పని నేర్చుకుంటున్నప్పుడు ఉత్తర చెన్నై నుంచి తెలుగు కుటుంబాలు వచ్చేవి. తరతరాలుగా ఇక్కడే ఉన్నారు, తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. ఏకాగ్రత చూడటానికి నూరులోంచి ఏడు చొప్పున తీసివేస్తూ పొమ్మంటాం. అంతవరకూ తెలుగులో మాట్లాడిన మనిషి లెక్క దగ్గరికి వచ్చేసరికి తొంభై మూడును తమిళంలో 'తొణ్ణూత్తి మూణు' అనేవాడు. బడి ఏ భాషలో జరిగితే లెక్క ఆ భాషలోనే. దుఃఖం చెప్పుకోవడానికి చాలామంది మళ్లీ తెలుగులోకి వచ్చేవారు. కొందరు రాలేదు, వాళ్ల ఏడుపు కూడా తమిళంలోనే. ఆ కొందరు నాకు ఇప్పటికీ గుర్తొస్తారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి అర్థమయ్యే భాషలోనే వివరాలు చెప్పాలంటుంది. నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే చట్టం అది. మా అబ్బాయి బడి చదువును నిర్ణయించింది మరో చట్టం. 2006లో తమిళనాడు ప్రభుత్వం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవాల్సిందే, నాకు రెండో మాట లేదు. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు బడుల పిల్లలకు వాళ్ల భాషకూ అంతే చోటు ఉండాలన్నది నా వాదన. రోగికి ఉన్న హక్కు బడిపిల్లవాడికి ఎందుకు ఉండకూడదు?

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు అయితే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయేమోనని తల్లిదండ్రులు నన్ను అడుగుతూ ఉంటారు. అవ్వవు. మీకు బాగా వచ్చిన భాషలో ధారాళంగా మాట్లాడండి, అడుగడుగునా తప్పులు పట్టకండి అని చెబుతాను. మా ఇంట్లో మాత్రం అబ్బాయి ప్రతి వాక్యాన్నీ సరిదిద్దుతూనే ఉన్నాను. మానే ఉద్దేశం కూడా లేదు. వాళ్ల అమ్మ ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పిన చదువుతో తెలుగు పత్రిక కూడబలుక్కుని చదువుతాడు. అది కూడా చేజారిపోతుందేమోనన్న భయం నాది.

వచ్చే ఏడాది మనస్తత్వశాస్త్రం తీసుకుంటానంటున్నాడు. ఎవరి గోడు ఏ భాషలో వింటావురా అని అడిగాను. "తమిళంలో. ఇది మా ఊరు కదా" అన్నాడు. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి సెంట్రల్‌లో దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చేవాళ్లు ఎంతమందో చెప్పాను. వాళ్లకోసమైనా తెలుగు గట్టిగా పట్టుకోవాలన్నాను. ఆ రోగుల అవసరం నిజమే. అయితే నాచేత వాడికి ఆ మాట చెప్పించింది వాళ్ల అవసరమా, మా నాన్నగారి నుంచి నాకు వచ్చిన బాధా? రోజూ ఇతరుల మనసులు చదివే నాకు ఇది తేలడం లేదు.