పసుపు ఆకు పాలిపోతే మట్టి తీశాను: నా అనుభవం

మాది దుగ్గిరాల పక్క ఊరు. నల్లరేగడి నేల, కృష్ణా కాలవ నీళ్లు, ఏటా పసుపు. మొన్న భాద్రపదంలో చేలో పల్లం వైపు కొత్తాకులు లేత పసుపు రంగులో, తర్వాత్తర్వాత దాదాపు తెల్లగా రాసాగాయి. మా బాబాయి గట్టు మీంచే చూసి, "బలం చాల్లేదురా, ఇంకో కట్ట యూరియా చల్లు" అన్నాడు.

నాకు అలా అనిపించలేదు. నత్రజని తక్కువైతే ముందు కింది ముదురాకులు పండుతాయి. మొక్క పాతాకుల్లోంచి దాన్ని లాగి చిగురుకు పంపుకుంటుంది. ఇనుము అలా కదలదు, అందుకే దాని కరువు కొత్తాకులోనే బయటపడుతుంది. మా చేలో కింది ఆకులు నిక్షేపంగా ఉన్నాయి. పై ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, వాటి మధ్య పాలిపోయింది.

ఖాయం చేసుకోడానికి మట్టి పరీక్ష చేయిద్దామనుకున్నాను. మట్టి తీయడం తేలికనుకుంటారు గానీ, పరీక్షలో సగం అక్కడే ఉంది. గట్ల దగ్గర, చెట్ల కింద, పెంట పోసిన చోట తీయకూడదు. సాళ్ల మధ్య, ఈమధ్య ఎరువు పడని చోట్లు చూసుకున్నాను. 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తవ్వి, పక్క గోడను పైనుంచి అడుగుదాకా పల్చగా గీరాలి. చూడాల్సింది ఇనుమే కాబట్టి పార తగిలిన మట్టిని తీసేసి, వెదురుబద్దతో గీరి ప్లాస్టిక్ బకెట్లో వేశాను. తుప్పు కలిస్తే లెక్క తప్పుతుంది. ఎనిమిది పది చోట్ల మట్టి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచి తక్కినవి పారబోస్తూ అరకిలోకు తెచ్చాను. నీడలో ఆరబెట్టాను. పాలిపోయిన చోటిదీ, బాగున్న చోటిదీ వేర్వేరు సంచుల్లో కట్టి గుంటూరులో మట్టి పరీక్ష చేసే చోటికి తీసుకెళ్లాను. ఇనుము, జింకు లాంటి సూక్ష్మపోషకాలు కూడా చూడమని అడిగి మరీ రాయించాను.

అక్కడి అమ్మాయి పల్లం మట్టి మీద ఆమ్లం చుక్క వేసి చూపించింది. బుసబుసా పొంగింది. సున్నం ఎక్కువన్నమాట. రిపోర్టులో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.4. పసుపుకు 7.5 దాటకుంటే మేలు. ఇనుము ఉండాల్సిన హద్దు 4.5 పీపీఎం (పది లక్షల్లో పాళ్లు) కంటే తక్కువ, జింకు 0.6 కంటే తక్కువ, సేంద్రియ కర్బనం అర శాతం లోపు, భాస్వరం మాత్రం దండిగా. ఏళ్ల తరబడి వేసిన డీఏపీ ఎరువులోది ఆ భాస్వరం, జింకును వేరుకు అందనివ్వదు. నేలలో ఇనుము లేక కాదు, సున్నం నేలలో అది వేరు తీసుకోలేని రూపంలోకి మారిపోతుంది. నీళ్లు నిలిస్తే మరీ బిగుసుకుంటుంది. పల్లంలోనే జబ్బు కనపడటం అందుకే.

నేలకు అన్నభేది (ఇనుము ఇచ్చే ఫెర్రస్ సల్ఫేట్) వేస్తే అదీ అలాగే మారిపోతుంది, ఆకు మీద కొట్టాల్సిందే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం). నిమ్మ ఉప్పు లేకుంటే నీళ్లు తుప్పు రంగుకు తిరుగుతాయి. కలిపిన పూటే, చల్లటి వేళ కొట్టాం. వారం పది రోజుల ఎడంతో మళ్లీ కొట్టాం. మధ్యలో విడిగా జింకు సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు. ముందుగా పల్లంలో మురుగు కాలవ తీశాం. దుంపకుళ్లుకూ ఆ నిలవ నీరే దారి.

తర్వాత విచ్చిన ఆకులు ఆకుపచ్చగా వచ్చాయి. బాబాయే వచ్చి చూపించాడు. అంతకుముందే పూర్తిగా తెల్లబడ్డ ఆకులు మాత్రం కోలుకోలేదు. వచ్చే పంటకు ముందు ఆ చెక్కలో పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నుతాం. డీఏపీ తగ్గిస్తున్నాం.