ఒకే బ్రెడ్డు, ఒక్కో మార్పు: నా బేకింగ్ నోట్సు

ఇంట్లో బ్రెడ్డు చేయడం నేర్చుకోవాలనుకున్నప్పుడే ఒక షరతు పెట్టుకున్నాను. పాళ్లు ఖాయం చేసుకోవాలి, ఒక్కోసారి ఒక్క విషయమే మార్చాలి. కొత్త రకాల మీదికి మనసు పోతూనే ఉంటుంది. కానీ పిండి, నీళ్లు, ఓవెన్ వేడి అన్నీ ఒకేసారి మారిస్తే బ్రెడ్డు బాగా వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు. నాకు ఆ ‘ఎందుకు’ తెలియడంలోనే ఎక్కువ సంతోషం ఉంది.

నా పాళ్లు ఇవి: మైదా 500 గ్రాములు, నీళ్లు 325, ఉప్పు 10, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5. బేకరీ పనివాళ్లు పిండి బరువును 100గా తీసుకుని మిగతావన్నీ దాని మీద శాతాల్లో చెబుతారు. అలా చూస్తే నీళ్లు 65 శాతం, ఉప్పు 2, ఈస్ట్ 1. ఈ పద్ధతి అలవాటైతే ఏ వంటకాన్నయినా చూడగానే ముద్ద ఎంత మెత్తగా ఉంటుందో ఊహించవచ్చు. కప్పులతో కొలిస్తే మాత్రం లెక్క నిలవదు. పిండిని జల్లించి పోశామా, అదిమి నింపామా అన్నదాన్ని బట్టి అదే కప్పులో బరువు చాలా మారిపోతుంది. అందుకే నీళ్లను కూడా తూకం వేస్తాను. ఈ అభిరుచి కోసం ఒకే ఒక్క వస్తువు కొనుక్కోవాలనుకునేవాళ్లకు నా సలహా డిజిటల్ తూకమే.

మొదట మార్చింది పిసికే పద్ధతి. పిండి, నీళ్లు మాత్రం కలిపి, మూతపెట్టి అరగంట వదిలేస్తాను. గోధుమలోని ప్రోటీన్లు నీళ్లు పీల్చుకుని తమంతట తామే గ్లూటెన్‌గా, అంటే ముద్దను పట్టి ఉంచే సాగే వలలా, అల్లుకోవడం మొదలవుతుంది. ఆ తర్వాత ఈస్ట్, ఉప్పు కలిపి పిసికితే సగం శ్రమ తగ్గింది. చాలిందో లేదో తెలుసుకోవడానికి చిన్న ముక్క తీసి వేళ్లతో నెమ్మదిగా సాగదీస్తాను. చిరగకుండా వెలుతురు కనిపించేంత పల్చటి పొరగా సాగితే ఆపేయవచ్చు. చేతికి అంటుకుంటోందని మధ్యలో పొడి పిండి చల్లను. చల్లిన ప్రతి చెంచాతో 65 శాతం అన్న లెక్క తప్పుతుంది. చేతులు తడి చేసుకుంటే సరిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ఉష్ణోగ్రత. వంటకాలు ‘గంటసేపు పొంగనివ్వండి’ అని రాస్తాయి, ఏ వేడిలో అన్నది చాలాసార్లు చెప్పవు. ఈస్ట్ సజీవమైనది. వెచ్చగా ఉంటే పరుగెడుతుంది, చల్లగా ఉంటే నెమ్మదిస్తుంది, నాలుగు డిగ్రుల ఫ్రిజ్‌లో దాదాపు నిద్రపోతుంది. కాబట్టి కలిపిన ముద్ద ప్రతిసారీ 25 డిగ్రుల దగ్గర ఉండేలా చూస్తున్నాను. గది వేడిని మార్చలేను, పిండి వేడిని మార్చలేను, నీళ్ల వేడిని మార్చగలను. లెక్క సులభం: 25ను మూడుతో హెచ్చిస్తే 75. అందులోంచి గది, పిండి ఉష్ణోగ్రతలు తీసేస్తే నీళ్లది వస్తుంది. గది 29, పిండి 29 అయితే నీళ్లు 17 డిగ్రులుండాలి. గది, పిండి రెండూ 20 అయితే 35. చేత్తో పిసికినప్పుడు రాపిడి వల్ల కాస్త వేడి పుడుతుంది కనుక ఒకటి రెండు డిగ్రులు తగ్గించుకుంటాను. ఈ లెక్క మొదలుపెట్టాక ముద్ద పొంగే సమయం ఇంచుమించు ఒకేలా ఉంటోంది. మిగతా మార్పుల ఫలితం స్పష్టంగా కనిపించడం అప్పటినుంచే.

పెద్ద గిన్నెలో ముద్ద రెట్టింపయిందో లేదో కంటితో చెప్పడం కష్టం. అందుకని కలపగానే చిన్న ఉండ తీసి, నిటారు గోడలున్న గాజు గ్లాసులో అదిమి, మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేసి గిన్నె పక్కనే పెడతాను. గ్లాసులో రెట్టింపయితే గిన్నెలోనూ అయినట్టే. ఆ తర్వాత ముద్దను బ్రెడ్డు టిన్నులోకి మార్చి రెండోసారి పొంగనిస్తాను. అప్పుడు వేలి పరీక్ష చాలు: తడి వేలితో సెంటీమీటరు లోతు నొక్కితే గుంట వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి, నెమ్మదిగా సగమే పూడితే ఓవెన్‌లో పెట్టాలి, అసలు పూడకపోతే సమయం దాటిపోయింది.

ఓవెన్‌ను ముందుగా 220 డిగ్రులకు వేడిచేసి, అడుగు అరలో ఒక పళ్లెం పెట్టి, బ్రెడ్డు లోపల పెట్టేటప్పుడు అందులో మరిగే నీళ్లు పోస్తాను. ఆవిరి వల్ల పైపొర త్వరగా గట్టిపడదు, బ్రెడ్డు పైకి లేవడానికి వీలుంటుంది. మొదటి పదిహేను నిమిషాల తర్వాత పళ్లెం తీసేసి, వేడి 200కు తగ్గించి మరో ఇరవై నిమిషాలు. ఆవిరి ముఖానికి కొడుతుంది, తలుపు తీసేటప్పుడు వెనక్కి జరగాలి. రంగు చూసి ఉడికిందనుకోవడం నాకు నమ్మకం లేని పద్ధతి. థర్మామీటర్ మధ్యకు గుచ్చితే 95 డిగ్రులు చూపాలి.

తీసిన వెంటనే టిన్నులోంచి జాలీ మీదికి మార్చాలి, లేకపోతే పక్కలు చెమ్మగిల్లుతాయి. కోయడానికి కనీసం గంట ఆగాలి. లోపలి పిండిపదార్థం చల్లారుతూనే గట్టిపడుతుంది, వేడిమీద కోస్తే కత్తికి జిగటగా అంటుకుంటుంది. మిగిలిన బ్రెడ్డును ఫ్రిజ్‌లో పెట్టను, ఆ చలిలో మరింత త్వరగా గట్టిపడుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు నేరుగా టోస్ట్ చేసుకుంటాను.

నోట్సులో ప్రతిసారీ రాసేవి కొన్నే: గది, పిండి, నీళ్లు, ముద్ద ఉష్ణోగ్రతలు, రెట్టింపవడానికి పట్టిన సమయం, కాల్చక ముందు, చల్లారాక బరువు. ముద్ద 840 గ్రాములైతే బ్రెడ్డు సుమారు 750 వస్తోంది. ఆ పోయినదంతా దాదాపు నీరే. బరువు ఇంతకంటే తక్కువ తగ్గితే ఇంకొంచెంసేపు కాల్చాలని రాసుకుంటాను.

ఇటీవలి మార్పు, ముద్దను రాత్రంతా ఫ్రిజ్‌లో పులియబెట్టడం. ఈస్ట్‌ను 5 గ్రాముల నుంచి 2కు తగ్గించాను. పొంగడం నెమ్మదించి, రుచి కూడే సమయం దొరికింది. ఆ వాసన, ఆ కమ్మదనం అదే రోజు చేసిన బ్రెడ్డులో రాలేదు. నాకైతే ఇక వెనక్కి వెళ్లే ఆలోచన లేదు.

తర్వాత మార్చబోయేది పిండి. మైదాలో 150 గ్రాములు తీసి ముతక గోధుమ పిండి వేస్తాను. తవుడు ఎక్కువ నీళ్లు పీలుస్తుంది, పదునైన అంచులతో గ్లూటెన్ అల్లికను తెంపుతుంది కూడా. కాబట్టి నీళ్లు 345 గ్రాములకు పెంచి, అరగంటకు బదులు గంట నానబెడతాను. ఈస్ట్, ఉప్పు, ఓవెన్ వేడి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.