ఇద్దరు తల్లులకూ దూరమైన పిల్లలు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఫిన్లాండ్ నుంచి సుమారు 70,000 మంది పిల్లలను తల్లిదండ్రులు లేకుండానే పొరుగున ఉన్న స్వీడన్‌కు పంపించారు. 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం దాడికి దిగిన కొద్ది వారాలకే మొదలైన ఈ తరలింపు, 1941లో యుద్ధం మళ్లీ రాజుకున్నాక కొనసాగి, 1944లో అత్యధిక స్థాయికి చేరింది. పిల్లల మెడలో పేరు, సంఖ్య రాసిన చీటీ కట్టి, కొందరిని తుర్కు రేవు నుంచి ఓడలోనూ, మరికొందరిని ఉత్తరాన టోర్నియో సరిహద్దు మీదుగా రైలులోనూ తీసుకువెళ్లారు.

ఆ తల్లులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదని నేను నమ్ముతాను. భర్త యుద్ధరంగంలో ఉండి, ఇంట్లో తిండి కరువై, నెత్తిన బాంబులు పడుతున్నప్పుడు, బిడ్డ బతికితే చాలుననుకోవడం కన్నప్రేమే. స్వీడన్ కుటుంబాలలో ఎన్నో ఆ పిల్లలను ఆదరంగా చూసుకున్నాయి. నా మనసును కలచివేసేది ఆ ఆదరణ తరువాత జరిగిన కథ. ఫిన్నిష్‌కూ స్వీడిష్‌కూ చుట్టరికం లేదు కనుక, మూడు నాలుగేళ్ల వయసులో వెళ్లినవారు కొన్ని నెలలలోనే మాతృభాషను మరచిపోయారు. యుద్ధం ముగిశాక తిరిగి వచ్చిన బిడ్డ, కన్నతల్లితో మాట్లాడలేక, పెంచిన తల్లి కోసం ఏడ్చింది. అంటే, ఆ పసిమనసు తల్లికి దూరమవడం అది రెండవసారి. వేలమంది అసలు తిరిగి రానేలేదు.

ఆ గాయం ఎంతకాలం నిలిచిందో పరిశోధకులు కొలిచి చూశారు. హెల్సింకిలో పుట్టినవారిపై జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అదే యుద్ధకాలాన్ని ఇంటివద్దనే గడిపినవారికన్నా, తల్లిదండ్రులకు దూరమైనవారిలో ఆరు దశాబ్దాల తరువాత కూడా కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. 2018లో వెలువడిన మరో అధ్యయనం ఒకే ఇంటి అక్కచెల్లెళ్లను పోల్చింది. చిన్ననాడు స్వీడన్ వెళ్లినవారి కూతుళ్లు, ఇంట్లో ఉండిపోయినవారి కూతుళ్లకన్నా ఎక్కువగా మానసిక వ్యాధులతో ఆసుపత్రి పాలయ్యారని తేలింది. యుద్ధాన్ని చూడని కూతుళ్లు వారు!

ఆ కాలంలోనే లండన్‌లో యుద్ధకాలపు శిశు కేంద్రాలను నడిపిన పిల్లల మనస్తత్వ నిపుణురాలు అన్నా ఫ్రాయిడ్ కూడా, బాంబుల భయంకన్నా తల్లికి దూరం కావడమే చిన్నపిల్లలను ఎక్కువగా దెబ్బతీస్తుందని గమనించారు.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 22వ అధికరణం, శరణార్థి పిల్లల తల్లిదండ్రులను వెదకడంలో ప్రభుత్వాలు సహకరించాలని చెబుతున్నది. అయినా అన్నం, గుడారం, టీకాల తరువాతే ఈ వెదుకులాట వంతు వస్తే, పసిపిల్లల విషయంలో అప్పటికే ఆలస్యమైపోతుంది. ఒంటరిగా వచ్చిన బిడ్డను శిబిరంలో నమోదు చేసుకునే మొదటి రోజునే తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వారిని చివరిసారి చూసిన చోటు, ఇంట్లో మాట్లాడే భాష అడిగి రాసుకోవాలి. మూడేళ్ల బిడ్డకు ఆ వివరాలు ఎంతోకాలం గుర్తుండవు.