బాల్కనీలో బతకని కాఫీ మొక్క

పోయిన డిసెంబర్లో అరకు నుంచి ఒక కాఫీ మొక్క తెచ్చుకున్నాను. ఇచ్చిన ఆవిడ "మీ ఊళ్లో ఇది బతకదమ్మా" అని ముందే అంది. నేను వింటేనా! విశాఖ ఎంవీపీ కాలనీలో మా బాల్కనీ నుంచి సముద్రం కనబడదు గానీ, గ్రిల్లుకి పట్టే తుప్పు చూస్తే ఎంత దగ్గరో తెలుస్తుంది. ఉగాది నాటికి ఆకుల అంచులు మాడిపోయాయి, మే రాకముందే పుల్ల మిగిలింది.

"అక్కడ చల్లగా ఉంటుంది కదా, అందుకే" అన్నాను మావాడితో. ఏడో తరగతి. "కొండ సూర్యుడికి దగ్గర కదమ్మా, మరి చలెందుకు?" అన్నాడు.

సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే, కొండెక్కి ఒక కిలోమీటరు దగ్గరైతే ఎంత? గాలిని ఎక్కువగా వేడి చేసేది కింద ఉన్న నేలే. ఆ గాలి పైకి వెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గి, విచ్చుకుని చల్లబడుతుంది. సైకిల్ ట్యూబులోంచి గాలి తీసేస్తే వేలికి చల్లగా తగలదూ, అలా. కిలోమీటరుకి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అరకు 900 మీటర్లకి పైనే. అక్కడ పండే అరబికా రకం కాఫీకి ఆ చల్లదనమే కావాలి. పైగా మా బాల్కనీలో ఉప్పుగాలి కూడా తోడైంది.

విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ పాసింజర్ రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే ఇదంతా కనిపిస్తుంది. శృంగవరపుకోట దాకా తాటిచెట్లు, జీడిమామిడి తోటలు. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కుతుంటే సొరంగం తర్వాత సొరంగం. పైకి వెళ్లేసరికి తాటిచెట్లు పలచబడి, తాటి జాతిదే అయిన జీలుగు చెట్లు మొదలవుతాయి. ఆ పైన సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ. చలికాలంలో అయితే పసుపుపచ్చగా వలిసె పూలు, అదొక నూనెగింజల పంట. రైలు దిగేసరికి స్వెట్టర్ కావాలి.

అంత దూరం వద్దనుకుంటే విశాఖలోనే హనుమంతవాక దాటాక కంబాలకొండ అడవి ఉంది. వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపే పడిపోతుంది. తర్వాత నెలల తరబడి ఎండే. నీళ్లు పొదుపు చేసుకోవడానికి చాలా చెట్లు ఆకులు రాల్చేస్తాయి. మార్చిలో చూసి 'అడవి ఎండిపోయింది' అనుకునేదాన్ని నేను. కాదట, నిద్రపోతోంది.

మావాడి బడి చార్టులో మాత్రం ఎక్కడో చలిదేశాల టండ్రా, టైగా అడవులు, ధ్రువపు ఎలుగుబంటి. అవీ తెలియాలి, కాదనను. వాడు చార్టు వెనక పెన్సిల్‌తో ఒక రైలు గీశాడు. ఒక చివర తాటిచెట్టు, ఇంకో చివర జీలుగు.

పుల్ల ఉన్న కుండీలో ఇప్పుడు కలబంద వేశాను. నీళ్లు పోయడం మర్చిపోయినా దానికి టెన్షన్ లేదు.