గోగు వాసన

సెప్టెంబరు, ఆదివారం రాత్రి

పాప నిద్రపోయింది. గోళ్ళలో మట్టి ఇంకా అలాగే ఉంది. అది వేరుశనగ మట్టి అట, కడగనివ్వలేదు.

మధ్యాహ్నం మూడింటికి అమ్మనీ పాపనీ తీసుకుని గంటస్తంభం దగ్గర ఆటో ఎక్కి ఊరి చివర తోటకి వెళ్ళాను. చుట్టూ ఇళ్ళు లేచిపోయాక మధ్యలో మిగిలిన 30 సెంట్లు అది. ప్లాట్లు వేసి అమ్మేయకుండా ఆ తోట సొంతదారులైన భార్యాభర్తలు అందులో పంటలు పండిస్తున్నారు, అప్పుడప్పుడూ పిల్లల్నీ పెద్దల్నీ పిలిచి చూపిస్తున్నారు. వాళ్ళ మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

"వేరుశనగ కాయలు ఎక్కడున్నాయో చూడండమ్మా" అంది తోట ఆవిడ. పిల్లలు కొమ్మలన్నీ వెతికారు. వేళ్ళకి కాస్తాయన్నాడు ఒక బాబు. నేనూ అదే అనుకున్నాను. కానీ పసుపు పువ్వు పైనే పూస్తుంది. అది వాడిపోయాక అక్కడి నుంచి సన్నటి ఊడ ఒకటి కిందికి దిగి మట్టిలోకి దూరుతుంది. దాని కొస ఉబ్బి కాయ అవుతుంది. పాప ఒక ఊడని వేలితో పట్టుకుని చాలాసేపు చూసింది, మళ్ళీ మట్టి కప్పేసింది.

తర్వాత జీవామృతం, అంటే పంటకి పోసే ద్రవ ఎరువు. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్ళు, 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో ఉంచి రోజూ కర్రతో కలపాలి. మూత తియ్యగానే పిల్లలందరూ ముక్కు మూసుకున్నారు. పెద్దవాళ్ళు కూడా.

గట్టు వెంట గోగు మొక్కలు మనిషిని మించి నిలబడ్డాయి. "గోంగూర ఇంత పొడుగా?" అన్నారు పిల్లలు. అంతవరకూ మాట్లాడని అమ్మ ముందుకు వచ్చింది. ఒక కర్ర విరిచి, తొక్క చీల్చి చూపించింది. "ఇప్పుడు లాగితే నార విడిపోదు నాన్నా. కట్టలు కట్టి చెరువులో ముంచి, పైన బరువు పెట్టాల. రెండు వారాలు ఊరితే అప్పుడు జారిపోతాది" అంది. పిల్లలు కూర్చున్న గోనె పట్టాని తట్టి, "ఇలాంటి నారతోనే" అంది.

నాకు ఆ చెరువు వాసన గుర్తొచ్చింది. గోగు ఊరిన నీళ్ళ కంపు ఊరంతా కొట్టేది. అమ్మ నడుం లోతు నీళ్ళలో నిలబడి పొద్దస్తమానం నార తీసేది. ఆ నార ఎండబెట్టి అమ్మితే నెల్లిమర్ల జూట్ మిల్లు వైపు లారీలు వెళ్ళేవి. సాయంత్రం అమ్మ ఇంటికొస్తే నేను దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు. వాసన అని దూరం జరిగేదాన్ని. ఆ కూలి డబ్బులతోనే నా హైస్కూలు పుస్తకాలు కొంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఇవాళ పన్నెండు మంది పిల్లలు చుట్టూ కూర్చుని "తర్వాత ఏం చేస్తారు మామ్మా" అని అడుగుతుంటే, తడి నారని నీళ్ళ మీద కొట్టి ఎలా ఝాడిస్తారో చేతులతో చేసి చూపించింది. అమ్మ చేతులు అంత వేగంగా కదలడం నేను చాలా రోజుల తర్వాత చూశాను.

ఐదు దాటాక బీర పందిరి కింద అందరం నిలబడ్డాం. బీరపువ్వు సాయంత్రమే విచ్చుకుంటుంది. చూస్తుండగానే ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. మగపువ్వులు గుత్తిగా, ఆడపువ్వు ఒంటరిగా, కింద చిన్న పిందెతో. పాప ఒక మగపువ్వు కోసి, ఆడపువ్వు మీద పుప్పొడి అద్దింది. గుర్తు కోసం అమ్మ తన చీర అంచు నుంచి ఒక పోగు లాగి ఆ తీగకి కట్టింది.

ఆటోలో అమ్మ పక్కన కూర్చున్నాను. ఆవిడ చేతులకి ఇంకా గోగు పసరు వాసన వస్తోంది. ఒక చెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నాను. ఇల్లు వచ్చేవరకూ వదల్లేదు.