రెండు మార్కుల్లో పోయిన జేఆర్‌ఎఫ్, అమ్మ బియ్యం డబ్బా

ఎకనామిక్స్ నెట్‌లో (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే జూనియర్ ఫెలోషిప్, వచ్చింది. మూడో ప్రయత్నం. ఫలితం చూసి రెండు రోజులైనా ఇంకా నమ్మకం కుదరక స్కోర్‌కార్డు మళ్లీ మళ్లీ తెరిచి చూసుకుంటున్నాను. సిలబస్ మీకు తెలిసిందే కాబట్టి, నన్ను ముంచిన ఒక్క టాపిక్ గురించే చెబుతాను.

రెండోసారి రెండు మార్కుల్లో పోయింది. అంటే ఒకే ఒక్క ప్రశ్న. కీ చూసుకుంటే రిజర్వు ద్రవ్యం (ఆర్‌బీఐ సృష్టించే మూల ద్రవ్యం, దీన్నే ఎం0 అంటారు) మీద అడిగిన ప్రశ్నలో ‘ప్రజల వద్ద ఉన్న కరెన్సీ’ అని పెట్టి వచ్చాను. అక్కడ ఉండాల్సింది ‘చలామణిలో ఉన్న కరెన్సీ’. రెండూ ఒకటే అనుకునేదాన్ని. చలామణిలో ఉన్నదాంట్లోంచి బ్యాంకుల దగ్గరున్న నగదు తీసేస్తేనే ప్రజల వద్ద ఉన్నది వస్తుంది. ఎం0లో మొదటిది, ఎం1లో (ప్రజల వద్ద కరెన్సీతో పాటు అడగ్గానే తీసుకోగల డిమాండ్ డిపాజిట్లు) రెండోది. ద్రవ్య సప్లయ్‌ని కొలిచే ఎం1 నుంచి ఎం4 దాకా నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని, అర్థమే కాలేదు.

ఏడుపు మొహంతో వంటింట్లో కూర్చుంటే అమ్మ తన గొడవ ఎత్తుకుంది. నోట్ల రద్దప్పుడు, నేను ఇంటర్‌లో ఉండగా, బియ్యం డబ్బాలో దాచిన నాలుగు వెయ్యి నోట్లు తీసుకుని లైన్లో నిలబడిందట. ఠక్కున అనిపించింది: ఆ రోజు అమ్మ నాలుగు వేలు ఖాతాలో వేస్తే ఎం3 (ఎం1కి బ్యాంకుల టైమ్ డిపాజిట్లు, అంటే గడువు డిపాజిట్లు కలిపితే వచ్చేది) ఎంత పెరిగింది? సున్నా. ప్రజల చేతిలో కరెన్సీ నాలుగు వేలు తగ్గింది, డిపాజిట్ నాలుగు వేలు పెరిగింది. ఎం1 మాత్రం కాస్త తగ్గుతుంది. సేవింగ్స్ డిపాజిట్‌లో డిమాండ్ భాగమే ఎం1లోకి వస్తుంది, టైమ్ భాగం రాదు. నానమ్మ పోస్టాఫీసు సేవింగ్స్ ఎం2లో, రికరింగ్ డిపాజిట్ ఎం4లో పడతాయి. ఆవిడ ఎన్‌ఎస్‌సీ (జాతీయ పొదుపు పత్రం) ఎందులోనూ పడదు. ఇది 1977 నాటి పద్ధతి. మన వై.వి. రెడ్డి (తర్వాత ఆర్‌బీఐ గవర్నర్ అయ్యారు) అధ్యక్షతన వేసిన బృందం 1998లో పోస్టాఫీసు డిపాజిట్లను ద్రవ్య సప్లయ్ నుంచి తప్పించి ఎల్1 అనే లిక్విడిటీ కొలతలోకి పంపింది. ఇంట్లోవాళ్ల డబ్బుతో లెక్క వేశాక మళ్లీ తప్పు పోలేదు.

ద్రవ్య డిమాండ్, అంటే జనం ఎంత డబ్బు చేతిలో ఉంచుకోవాలనుకుంటారన్న సంగతి వేరు. సప్లయ్‌కి బ్యాంకుల ఖాతాలున్నాయి, డిమాండ్‌కి రిజిస్టర్ ఎక్కడుంది? ఆదాయం, వడ్డీ రేటు చూసి అంచనా కట్టాల్సిందే. వడ్డీ రాదని తెలిసీ అమ్మ డబ్బాలో ఎందుకు దాచింది? అనుకోని అవసరానికని. ఆర్థికవేత్త కీన్స్ చెప్పిన ముందుజాగ్రత్త ఉద్దేశం అదే. రద్దయిన నోట్లు అప్పుడు చలామణిలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం. అయినా 2018 కల్లా చలామణిలోని కరెన్సీ పాత స్థాయిని దాటేసింది. మా డబ్బాలోకీ మళ్లీ నోట్లు చేరాయి, ఈసారి ఐదు వందలవి.

మిగతాదంతా అందరూ చెప్పేదే: పాత పేపర్లు, మాక్ టెస్టులు, అన్ని సబ్జెక్టులవాళ్లకీ ఉమ్మడిగా ఉండే పేపర్ 1కి రోజూ గంట. పద్నాలుగు గంటలు చదివామనేవాళ్లను నేను నమ్మను. ట్యూషన్లు చెప్పుకుంటూ నాకు ఐదు గంటలే దొరికేవి, కానీ ఆ ఐదు గంటలూ ఫోన్ పక్కగదిలో ఉండేది. మొదటిసారి ఫెయిలైంది టైమ్ లేక కాదు, ఫోన్ వల్లే. తెలుగు మీడియం వాళ్లు ఇంగ్లీషు పదం చూసి టెన్షన్ పడకండి, పక్కన తెలుగు మాట రాసుకుంటే సగం బెదురు పోతుంది.

ఫెలోషిప్ నెలకు 37,000 అని చెబితే అమ్మ అడిగిన మొదటి మాట: ‘చేతికిస్తారా, బ్యాంకులో వేస్తారా?’